పేరు తీసేసిన రక్తం

పుప్పాలగూడ కాగితాల్లో ఇంకా పల్లెటూరే. అదే లక్ష్మమ్మ ప్రాణం మీదికొచ్చింది. రాయదుర్గం అద్దాల మేడలోని ఒక పరిశోధన సంస్థ గ్రామీణ స్త్రీల రక్తహీనత మీద అధ్యయనం మొదలుపెట్టింది. కారెక్కితే కాసేపట్లో చేరగలిగే పల్లెగా వాళ్లకు ఇదొక్కటే కనిపించింది. లక్ష్మమ్మ అపార్టుమెంట్లలో అంట్లు తోమి ఇల్లు చేరేసరికి వాళ్లు గుమ్మంలో సూదులు, రక్తం చూసే చిన్న మిషిన్ పెట్టుకుని కూర్చుని ఉండేవారు.

కూతురు స్వరూప కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఎనిమిదో నెల. నాలుగడుగులు వేస్తే ఆయాసం, మొహమంతా సున్నం కొట్టినట్టు పాలిపోయింది. ఆమె దగ్గరా రెండుసార్లు రక్తం తీసుకెళ్లారు. ఒంట్లో ఎంత ఉందో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. సర్కారు దవాఖానలో కాన్పులు, అత్యవసరాలు తప్ప మిగతావన్నీ, పరీక్షలతో సహా, ఆగిపోయాయి. సమ్మెను లక్ష్మమ్మ పల్లెత్తు మాట అనలేదు. తానూ రోడ్డు మీద బతుకమ్మ ఆడొచ్చిన మనిషే. ప్రైవేటు ల్యాబుకు పోదామంటే స్వరూప మొండికేసింది.

"ఉన్న జరంత రక్తం వాళ్లే పట్కపోయిన్రు. మళ్ల ఇయ్యనే అమ్మా. వాళ్లనే అడుగు, చెప్పరా?"

బస్సుల్లేవు. ఆటో మాట్లాడుకుని ఇద్దరూ రాయదుర్గం పోయారు. అధ్యయనానికి పెద్దగా ఉన్న శ్యామ్ కిందికి దిగి వచ్చాడు. మర్యాదస్తుడే.

"చూడండమ్మా, మీ సంగతులు బయటపడకూడదని పేర్లన్నీ తీసేస్తామండి. ఏ రక్తం ఎవరిదో ఇప్పుడు మాకూ తెలీదు."

"నా బిడ్డ సంగతి ఎవరికి తెల్వద్దని? నాకా?"

"రూలండి. మీ మేలు కోసమే."

"పోనీ, ఇప్పుడు జూడు సారూ. మా ఇంటికి తెచ్చిన మిషిన్ ఈడ లేదా?"

"మూడో విడత జనవరిలోనండి. మధ్యలో చేస్తే లెక్క పాడవుతుంది."

"జనవరి దాక ఇది కనకుండ ఆగుతదా?"

శ్యామ్ ఫోనొచ్చిందన్న వంకతో పక్కకు తప్పుకున్నాడు. లక్ష్మమ్మకు ఒళ్లు మండింది. ఊరూవాడా ఏం చేస్తోందో తానూ అదే చేసింది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, తలుపుకు అడ్డంగా నున్నటి నేల మీద బైఠాయించింది.

"ఉద్యమపోళ్లు వచ్చిన్రు సార్" అని సెక్యూరిటీ అతను పైకి చెప్పాడు. అంతే. కింద ధర్నా జరుగుతోంది, వెనక గేటు నుంచి ఇళ్లకు వెళ్లిపొమ్మని అంతస్తు అంతస్తుకూ మెయిళ్లు వెళ్లాయి. ల్యాప్‌టాప్ సంచులు తగిలించుకుని చదువుకున్న జనం బిలబిలమంటూ మెట్లు దిగింది. చూస్తే ఉన్నది ఇద్దరాడవాళ్లు, అందులో ఒకరు నిండు చూలాలు.

వాళ్ల ఇంటికి రక్తం తీయడానికొచ్చే హరిత కూడా దిగుతూ గుర్తుపట్టింది. సంగతి విని పైకి పోయి మిషిన్ తెచ్చింది.

"హరితా, రూల్స్..." శ్యామ్ అడ్డొచ్చాడు.

"లెక్కలో రాయను లెండి సార్."

స్వరూప వేలు దాచుకుంది. "చెప్తనంటేనే ఇస్త."

"చెప్తాలే అక్కా." హరిత చుక్క తీసి మిషిన్‌లో అంకె చూసింది. "రక్తం ఆరున్నరే ఉంది. పదకొండన్నా ఉండాల. ఇంటికి పోవద్దు, రక్తం ఎక్కించాల."

సిబ్బందిని ఇళ్లకు దించడానికి వచ్చిన క్యాబుల్లో ఒకదాన్ని హరిత కాన్పుల దవాఖానకు మళ్లించింది. రక్తం ఎక్కించారు. తల్లీబిడ్డా దక్కారు.

ఆ తర్వాత ఆ వాడలో ఏ ఆడమనిషీ వేలు చాపలేదు. "ఎంతుందో చెప్తమనుండ్రి, అప్పుడు పొడువుండ్రి" అన్నారు. ఇక్కడి జనం సహకరించడం లేదని రాసుకుని సంస్థవాళ్లు మకాం ఎత్తేశారు. రక్తం ఇచ్చినంత కాలం సహకారమే, దాని సంగతి అడిగితే కాదు. మకాం ఎత్తేస్తున్నామని చెప్పి పోదామని హరిత వచ్చింది.

"ఇగ ఏ ఊరి మీద పడ్తున్రు?" అంది లక్ష్మమ్మ.

"చేవెళ్ల వైపంట పిన్నీ."

"ఆ దిక్కు మా ఆడిబిడ్డుంటది. జర ఆగు" అని లక్ష్మమ్మ ఫోన్ తీసింది.