మంచుబండికి కొత్త సైలెన్సర్

రెండో లాక్‌డౌన్ శీతాకాలం నేను జర్మనీలో, బవేరియా కొండల్లో, మూతపడిన ఒక అతిథిగృహంలో గడిపాను. కాట్‌బస్‌లో మా యూనివర్సిటీ మొత్తం ల్యాప్‌టాప్ తెరలోకి దూరిపోయింది. నేను వడ్డించే హోటల్ మూసేశారు. ఆ సమయంలో నా రూమ్మేటు ఈ పని వెతికి పట్టుకొచ్చాడు. పైకప్పు మీద మంచు తొయ్యాలి, కట్టెలు కొట్టాలి, బదులుగా గది, తిండి. వాడిది నిజామాబాద్ పక్క, నాది భీమవరం దగ్గర. ఇద్దరం మెకానికల్ మాస్టర్సే. వాడు నాకంటే రెండేళ్లు చిన్న, అందుకే అన్నా అంటాడు. ఆ రెండేళ్ల పెద్దరికాన్ని నేను ఎంతగా వాడుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అతిథిగృహం యజమానురాలికి ఎనభై రెండేళ్లు. మాలో మేం ఆవిడని ఓమా అనుకునేవాళ్లం, అంటే జర్మన్‌లో మామ్మ. మంచు పడ్డాక ఆ ఇంటికి కార్లు రావు. కింద ఊరు నాలుగు కిలోమీటర్లు. పాలు, మందులు, రొట్టె, ఏది కావాలన్నా స్నోమొబైల్ మీదే తేవాలి. చక్రాల బదులు ముందు మంచు మీద జారే రెండు స్కీ పలకలు, వెనక ఒక పట్టా ఉండే బండి అది. దాని సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. ఆ మోతకి కొండ అవతల వాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. కంపెనీ సైలెన్సర్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. మా వాడు ఇంటర్నెట్‌లో వేరే కంపెనీ చేసిన రేసింగ్ సైలెన్సర్ ఒకటి పట్టాడు.

"అన్నా, నేనే ఫిట్ చేస్త. వీడియోలు చూసిన, గంట పని."

"వీడియోలు చూసి గుండె ఆపరేషన్ కూడా చేస్తావా ఏంట్రా బాబూ?" అన్నాను.

వాడు నవ్వేసి పనిలో పడ్డాడు. గంట కాదు, పూటంతా పట్టింది. అయినా బాగానే బిగించాడు. పాత సైలెన్సర్‌కి వేడిని కొలిచే సెన్సర్ ఒకటుంటే దాన్ని జాగ్రత్తగా విప్పి కొత్తదానికి ఎక్కించాడు. బండి ఇంటి చుట్టూ ఇరవై నిమిషాలు తిరిగింది, ఏ లైటూ వెలగలేదు. వాడి ముఖం వెలిగిపోయింది. నాకు అదీ నచ్చలేదు.

"నిమ్మకాయ తొక్కిద్దమా అన్నా? మా దిక్కు బండికి కొత్తది ఏది పెట్టినా తొక్కిస్తరు."

"నువ్వసలు ఇంజినీరువేనంట్రా? థర్మోడైనమిక్స్ పాసైంది నిమ్మకాయలు తొక్కించేనా? ఓమా చూస్తే మనల్ని కొండ దింపేస్తుంది."

వాడు చిన్నబోయి స్పానర్లు సర్దుకున్నాడు.

అసలు సంగతి వేరే ఉంది. ఎనభై దాటిన వాళ్లకి కోవిడ్ టీకాకి టెర్మిన్లు, అంటే అపాయింట్‌మెంట్లు, ఇస్తున్న రోజులవి. ఆ హెల్ప్‌లైన్ నంబరు ఎప్పుడు చేసినా బిజీయే. ఓమా రెండుసార్లు చేసి ఫోన్ పక్కన పడేసింది. మా వాడు నాలుగు రోజులు ఫోన్ చెవి నుంచి తియ్యకుండా కూర్చుని, వచ్చీరాని జర్మన్‌తో వాళ్లని బతిమాలి, జిల్లా కేంద్రంలో గురువారం పదకొండు గంటలకి టెర్మిన్ సంపాదించాడు. ఓమా అక్క ఆ నవంబర్‌లోనే కోవిడ్‌తో పోయింది. సమాధి దగ్గరికి కూడా అందర్నీ రానివ్వలేదట. అందుకే ఆవిడ ఆ టెర్మిన్ కాగితాన్ని వంటింట్లో యేసుక్రీస్తు బొమ్మ కింద అంటించుకుంది. రోజూ దాని వైపు చూస్తూ కాఫీ తాగేది.

మంగళవారం పొద్దున మా వాడు ఊరికి పాలకి వెళ్లాడు. తిరిగొస్తుంటే మధ్యదారిలో నారింజ రంగు ఇంజిన్ గుర్తు వెలిగింది. బండి ఈడ్చుకుంటూ ఇంటికి చేరి ఆగింది. ఆ తర్వాత స్టార్ట్ చేసినా వంద గజాలు పోయి చచ్చిపోయేది. సెన్సర్ నుంచి కబురు అందకపోతే ఆ ఇంజిన్ భయపడి తనని తానే ఆపేసుకుంటుంది.

ఇక నా నోటికి పండగ. "చెప్పానా? నీ రేసింగ్ గొట్టం! ముసలావిడ బండిని పందెం గుర్రం చేద్దామనుకున్నావు!" వాడు మళ్లీ పనిముట్లు తీశాడు. బ్యాటరీ తీగ విప్పి పెట్టాడు, లైటు ఆరింది, మళ్లీ వెలిగింది. స్ప్రింగులు బిగించాడు. సీలు మార్చాడు. సెన్సర్ తీసి తుడిచాడు. నేను స్టూలు మీద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, వాడి ప్రతి పనికీ వంక పెట్టాను.

మా తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అడిగాం. అబ్బో, ఎంతమంది పోటుగాళ్లో! ఒక్కడూ జీవితంలో స్పానర్ పట్టినవాడు కాదు. ఒకడు "ఈసీయూ రీమ్యాప్ చెయ్యాలి బ్రో" అన్నాడు, అంటే ఇంజిన్ కంప్యూటర్‌నే తిరగరాయాలట. ష్వైన్‌ఫర్ట్ నుంచి ఒకాయన నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు, అందులో మూడు నిమిషాలు తన థీసిస్ గురించే. మ్యూనిక్‌లో కార్ల కంపెనీలో ఉద్యోగం చేసే పెద్దమనిషి "బయటి కంపెనీ ఆఫ్టర్‌మార్కెట్ సరుకు పెట్టడమే తప్పు తమ్ముడూ" అని తేల్చేశాడు. ఏడ్చినట్టే ఉన్నాయి సలహాలు. బండి అమ్మిన షాపువాడు ఫోన్‌లో ఇంకా పొడిగా మాట్లాడాడు. సొంతంగా బిగించుకున్నారు కాబట్టి సొంతంగానే విప్పుకోండి అన్నాడు.

బుధవారం సాయంత్రానికి కూడా లైటు ఆరలేదు. ఊళ్లోవాళ్లనో, కొండ మీది నుంచి మనుషుల్ని దించే రక్షణ దళాన్నో పిలుద్దామంటే ఓమా ఒప్పుకోలేదు. "నాకేం కాలు విరగలేదు" అంది. ఆ కాగితం వైపు మాత్రం చూడలేదు.

గురువారం తెల్లవారగానే మా వాడు కొట్టంలోంచి, మంచు మీద జారే పాత చెక్క స్లెడ్జ్‌ని బయటికి లాగాడు. దాని మీద గొర్రెతోలు పరిచి, ఓమాని దుప్పట్లలో చుట్టి కూర్చోబెట్టి, తాడు నడుముకి కట్టుకున్నాడు. "నేను ఫిట్ చేసిందే కదా అన్నా, నేనే దించుత. నువ్వు బండి సంగతి చూడు." దారి చాలావరకు పల్లమే, మధ్యలో ఒక్కచోట మాత్రం నిట్టనిలువు ఎత్తు. ఊరు చేరితే జిల్లా కేంద్రానికి బస్సుంది. తాడు వాడి చేతుల్లో బిగుసుకోవడం, వాళ్లు మలుపు తిరగడం గుమ్మంలో నిలబడి చూశాను. నేను వెళ్లలేదు. నాకు తొమ్మిదింటికి ఆన్‌లైన్ క్లాసు ఉంది.

క్లాసయ్యాక బండి పక్క మూత పూర్తిగా విప్పి, టార్చ్ పెట్టి సైలెన్సర్ వెనక్కి చూశాను. అక్కడ, పైనుంచి కనబడని మూలలో, మాడిపోయిన నిమ్మకాయ ఒకటి వేలాడుతోంది. పక్కన రెండు ఎండుమిరపకాయలు. వాటిని కట్టిన దారం సెన్సర్ వైరుకి చుట్టి ఉంది. నిమ్మకాయ బరువుకి వైరు కిందికి జారి, కాలే గొట్టానికి ఆని కరిగిపోయింది.

కట్టింది నేనే. వాడిని అంత వెక్కిరించిన రోజు సాయంత్రమే, ఓమా వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి, ఎవరి కంటా పడకుండా చీకట్లో చేతికి తగిలిన వైరుకి కట్టాను. మా ఇంట్లో సైకిలు కొన్నా దిష్టికి కట్టేవాళ్లు. కట్టకపోతే నాకు ఆ బండి ఎక్కడానికి భయం. కట్టి మర్చిపోయాను కూడా. వాడిని తిట్టే హడావిడిలో ఇంకేం గుర్తుంటుంది?

వైరు అతికి టేపు చుట్టాను. లైటు ఆరిపోయింది. నిమ్మకాయని వంటింటి చెత్తబుట్టలో పడేశాను.

మధ్యాహ్నం వాళ్లు, చక్రాలకి గొలుసులు కట్టిన ఊరి రైతు ట్రాక్టర్ మీద తిరిగొచ్చారు. టీకా సమయానికే పడింది. ఓమా సూది పడ్డ చెయ్యి పట్టుకుని నవ్వుతోంది. మా వాడి అరచేతుల్లో తోలు లేచి నెత్తుటి చారలున్నాయి. "ఏమైందన్నా, దొరికిందా?" అన్నాడు.

"నీ బిగింపే వదులుగా ఉంది. సెన్సర్ ఊగి వైరు గొట్టానికి తగిలింది" అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో.

వాడు అప్పటికప్పుడు ఓమా దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పాడు. మర్నాడు కాఫీ పోస్తూ మళ్లీ చెప్పాడు. ఆ సాయంత్రం తుప్పు సైలెన్సర్‌నే తిరిగి ఎక్కించాడు.

శనివారం పొద్దున నా పళ్లెం పక్కన ఆ మాడిన నిమ్మకాయ, దారంతో సహా, శుభ్రమైన సాసర్‌లో పెట్టి ఉంది. ఓమా స్టవ్ దగ్గర నిలబడి ఉంది. "నా వంటింట్లో ఎన్ని నిమ్మకాయలున్నాయో నాకు తెలుసు" అంది. "నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

మా వాడు చేతులకి కట్లతో వచ్చి కూర్చున్నాడు. నేను మొత్తం చెప్పాను. దారం ఎక్కడ కట్టానో, ఎప్పుడు కట్టానో, గురువారం ఏం దొరికిందో చెప్పాను. వాడు సాసర్ వైపు, తర్వాత నా వైపు చూశాడు. వాడు అరిస్తే బాగుండునని నిజంగా అనుకున్నాను.

"కడితే కట్టినవ్ అన్నా. అది పోనీ," అన్నాడు మెల్లగా. "నిన్నటిదాక నేను ఆమెకు సారీ చెప్తుంటే, నువ్వు పక్కన కూసొని కాఫీ తాగినవ్."

పళ్లెం తీసుకుని లేచి, కిటికీ దగ్గర ఇంకో బల్ల మీద కూర్చుని, నా వైపు వీపు పెట్టి తిన్నాడు. ఆ శీతాకాలం అయ్యేదాకా అక్కడే తిన్నాడు.