జీవరత్నం తెల్ల పాస్తా

జీవరత్నానికి వాసన పోయిన సంగతి పాలగిన్నె మాడినప్పుడు తెలిసింది. పొయ్యి పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది. పెరట్లోంచి భర్త థామస్ కేకలేసుకుంటూ వచ్చాడు.

"ఒసే, ఏటా కంపు? ఇల్లంతా పొగెట్టీసినావు!"

తిరిగి చూస్తే గిన్నె నల్లగా ఉంది. పొగ కళ్లకి కనిపిస్తోంది గానీ ముక్కుకి ఏమీ తెలియలేదు. జీవరత్నం గిన్నె దించి, పక్కనున్న ఇంగువ డబ్బా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. కిరసనాయిలు సీసా మూత తీసింది. ఏమీ లేదు. 

అంతకు కొన్నాళ్ల ముందు చీపురుపల్లి నుంచి వస్తూ థామస్ బండి మీంచి వెనక్కి పడింది. తల వెనక దెబ్బ తగిలింది. గాయం మానిపోయింది కదా అనుకున్నారు. విజయనగరంలో డాక్టరు చూసి, దెబ్బకి వాసన తెలిసే నరం దెబ్బతిని ఉంటుందని, తిరిగి రావచ్చు రాకపోవచ్చని చెప్పాడు.

ఇంకొకరికైతే అది చిన్న లోపమే అయ్యుండేది. జీవరత్నం గరివిడిలో ఒక ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో వంటమనిషి. పెళ్లయిన కొత్తలో గిన్నెలు తోమడానికి వెళ్లి, కూరలు తరిగి, ఆఖరికి గరిటె పట్టింది. ఆ వంటిల్లు తప్ప ఆమెకి వేరే పని తెలియదు.

"మేనేజరు బాబుకి సెప్పీరాదా?" అన్నాడు థామస్.

"సెప్తే వాసన తెలీని దాన్ని వంటకి ఉంచుతారేటి?"

చర్చిలో కూడా నిజం చెప్పలేదు. తలనొప్పి అని చెప్పి ప్రార్థన చేయించుకుంది. కళ్లతోనూ చెవులతోనూ వండడం మొదలుపెట్టింది. పోపు చిటపటలు విని దించేది, ఉల్లిపాయ రంగు చూసి మసాలా వేసేది. నాలుక మీద ఉప్పు, పులుపు, తీపి, కారం తెలిసేవి. అంతకు మించి జీలకర్రయినా, చేపయినా ఒకటే. గ్యాస్ మీటలు తిప్పి చూసి, గుమ్మం దాటి, మళ్లీ వెనక్కి వచ్చి చూసుకునేది. ఎవరైనా భోజనం మధ్యలో ముద్ద ఆపితే ఆమె గుమ్మంలోంచి వాళ్ల మొహమే చూస్తుండేది.

ఆ ఏడాది అక్టోబరులో బ్రూనో వచ్చాడు. ఆయన ఇటలీ నుంచి కొలిమి చూడడానికి వచ్చే ముసలి ఇంజనీరు. పాస్తా ఆమెకి నేర్పింది ఆయనే. దెబ్బ తగలక ముందు ఒకసారి వచ్చినప్పుడు, ఆయన వంటింట్లో నిలబడి సైగలతో చూపించాడు. నీళ్లు తెర్లుతుండగా ఉప్పు వేసి గొట్టాల్లాంటి పాస్తా ఉడికించాలి, పంటికి కాస్త గట్టిగా తగిలేటప్పుడే దించెయ్యాలి. వెన్నలో మైదా వేయించి పాలు పోసి ఉండ కట్టకుండా తిప్పాలి, పైన మీగడ వెయ్యాలి. క్యారెట్టు, బీన్సు, కాప్సికం వేరే మగ్గించాలి. బేకన్ ముక్కలు నూనె లేకుండా వాటి కొవ్వులోనే వేయించాలి. బేకన్ అంటే ఉప్పు వేసి పొగ పట్టించిన పంది మాంసం. విశాఖపట్నంలో కొని ఐసుపెట్టెలో తెప్పించేవారు. గెస్ట్‌హౌస్‌లో అందరూ దాన్ని జీవరత్నం తెల్ల పాస్తా అనేవారు.

బ్రూనో వచ్చిన కొద్ది రోజులకే హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. స్తంభాలు కూలిపోయాయి, కరెంటు పోయింది, రైళ్లు ఆగిపోయాయి. ఆయన గెస్ట్‌హౌస్‌లోనే చిక్కుబడిపోయాడు. డీజిల్ దొరక్క జనరేటరు సాయంత్రాలు కాసేపు మాత్రమే వేసేవారు. పూటపూటా పప్పూ అన్నమే.

ఒక ఉదయం మేనేజరు జగన్నాధం వంటింట్లోకి వచ్చాడు.

"జీవరత్నం, ఇవాళ రాత్రికి నీ తెల్ల పాస్తా పెట్టు. ముసలాయన పాపం పప్పు తినలేక నీరసపడిపోతన్నాడు. ఫ్రిజ్‌లో బేకన్ ఉంది గదా?"

"ఉన్నాది బాబూ," అంది. నోట్లోంచి ఆ మాట వచ్చేసింది.

ఆయన వెళ్లాక డీప్‌ఫ్రిజ్ మూత ఎత్తింది. ఐసు కరిగి, జనరేటరు వేసినప్పుడు గడ్డ కట్టి, మళ్లీ కరిగింది. అడుగున నీళ్లు. ఆ నీళ్లలో, తుపానుకి ముందు సగం వాడి కవరులో చుట్టి పెట్టిన బేకన్. కిటికీ వెలుగులోకి తెచ్చి చూసింది. అంచులు కాస్త పాలిపోయాయి. వేలితో ముట్టుకుంటే జారుతోంది. అది తడో, కుళ్లో తెలియలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. చల్లటి గాలి తప్ప ఏమీ రాలేదు.

గిన్నెలు తోమే గున్నమ్మ చూస్తూనే ఉంది. గున్నమ్మది భావనపాడు. వాళ్ల వాళ్లంతా సముద్రం మీద బతికే వాళ్లు. మొగుడికి ఫ్యాక్టరీలో పని దొరికాక ఇక్కడికొచ్చింది. జీవరత్నాన్ని అక్కగా ఎంచి అప్పా అనేది.

"గున్నమ్మా, ఇలగ రా. ఇది పాడైందేటో సూడు."

గున్నమ్మ వంగి వాసన చూసి మొహం చిట్లించింది.

"సేపైతే మొప్పలు సూసి సెప్పీగల్ను. దీన్ని నానెప్పుడూ ముట్నేదప్పా. పొగ కంపు కొడతన్నాది."

"పొగ సరే. దానడుగున పులిసిన కంపేటైనా ఉన్నాదా?"

"నాకంతా కంపే." గున్నమ్మ ఆమె మొహంలోకి చూసింది. "నీకు తెల్దా ఏటి?"

జీవరత్నం బేకన్ మళ్లీ కవరులో చుట్టబోయింది.

"అప్పా, నీ ముక్కుకేటయినాది?"

అలా అడిగిన మనిషి లేకపోవడం వల్లే ఆమె ఇన్నాళ్లూ దాచగలిగింది. ఇప్పుడు అంతా చెప్పేసింది. ఎవరికీ చెప్పొద్దని గున్నమ్మ తడి చేతులు పట్టుకుని బతిమాలింది.

బేకన్ లేదని చెప్పెయ్యొచ్చు. కానీ ఉందని ఇందాకే చెప్పింది. పాడైందంటే మేనేజరు వచ్చి చూస్తాడు. ఆయనకి అది బాగానే ఉందనిపిస్తే, మరి నువ్వెందుకు పాడైందన్నావని అడుగుతాడు. అక్కడితో తన గుట్టు బయటపడుతుంది. ఇలా ఆలోచించి ఆలోచించి ఆమె చిన్న మూకుడు పొయ్యి మీద పెట్టింది. నాలుగు ముక్కలు కోసి వేయించింది. కొవ్వు కరిగి సుయ్యిమంది, అంచులు ఎర్రబడ్డాయి. చూపుకి, చెవికి అంతా బాగానే ఉంది. ముక్కలు పళ్లెంలో వేసుకుంది.

"అప్పా, ఏటి సేస్తన్నావు?" గున్నమ్మ గిన్నె వదిలేసి దగ్గరికొచ్చింది.

"నాకేటీ అవ్వకపోతే ఆ ముసిలాయనకీ అవ్వదు," అని నోట్లో పెట్టుకుంది.

ఉప్పు తప్ప ఏ రుచీ తెలియలేదు.

ఆ తర్వాత ఆ మధ్యాహ్నమంతా ఆమె తన కడుపు మాట వింటూ కూర్చుంది. క్యారెట్లు తరుగుతూ చెయ్యి ఆపేది. బొడ్డు దగ్గర ఏదో మెలిపెట్టినట్టుండేది. అది మాంసమో, భయమో ఎలా చెప్పడం? చెమట పట్టింది. తుపాను వెళ్లాక ఉక్కగానే ఉంది, అందుకు పట్టిందేమో. గున్నమ్మ గంజి ఇస్తే వద్దంది. గంజి తాగితే కడుపులో ఏది దేనివల్లో అసలే తెలియదని ఆమె భయం.

పొద్దు వాలుతుండగా బ్రూనో వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. గుండెకి ఆపరేషన్ అయిన మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ మాత్రల డబ్బా ఉంటుంది. నీరసానికి బుగ్గలు లోపలికి పోయాయి. తరిగిన కూరలు, పక్కన పాస్తా పొట్లం చూసి ఆయన మొహం విప్పారింది. మూకుట్లో మిగిలిన కొవ్వు వంక వేలు చూపించి, తనకొచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట అన్నాడు.

"బాగుందా?"

జీవరత్నం తలూపింది.

ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు.  జీవరత్నం చెయ్యి కడుక్కోకుండానే, కొంగుతో మొహం తుడుచుకుని, జగన్నాధం గదికి వెళ్లింది. గున్నమ్మ వెనకే వెళ్లి గుమ్మం బయట ఆగింది.

"బాబూ, ఆ మాంసం పెట్టనేను. మంచిదో సెడ్డదో నాకు తెల్దు. నాకు వాసన పోయినాది."

జగన్నాధానికి మొదట అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"ఎప్పట్నుంచి?"

"ఎండాకాలం నుంచి బాబూ."

"ఎండాకాలం నుంచా? మా పిల్లలకి నీ చేతి రొయ్యలు క్యారేజీ పట్టుకెళ్లాను గదే!" ఆయన మొహంలో కోపం కంటే ముందు భయం కనిపించింది. "ముందే ఎందుకు చెప్పలేదు?"

"పని పోతాదని బయమేసినాది."

"ఇప్పుడు పోదనుకుంటున్నావా?"

 తలుపు పక్కనుంచి గున్నమ్మ అంది, "బాబూ, అదెలగున్నాదో తెలీక అప్ప ముందు తనే తినీసినాది. పొద్దుట్నుంచి నీలిగిపోతన్నాది."

జగన్నాధం బేకన్ పారెయ్యమన్నాడు. కుక్కలు తినకుండా గున్నమ్మ పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టింది. ఆ సాయంత్రం కూరలతోనే పాస్తా చేశారు. పాలు, వెన్న, మీగడ ఒక్కొక్కటీ గున్నమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని బాగున్నాదంటే గానీ జీవరత్నం గిన్నెలో వెయ్యలేదు. కరెంటు లేక బేకన్ చెడిపోయిందని జగన్నాధమే బ్రూనోకి చెప్పాడు. ఆయన ఫరవాలేదని చెయ్యి ఊపి, పళ్లెం ఖాళీ చేశాడు.

ఆ పళ్లెం ఇంకా తియ్యక ముందే జీవరత్నానికి వాంతులు మొదలయ్యాయి. థామస్ వచ్చి బండి మీద కూర్చోబెట్టుకుంటే, పడిపోకుండా వెనక గున్నమ్మ పట్టుకుంది. చీపురుపల్లి ఆసుపత్రిలో మంచాలు చాలక కింద చాపలు వేశారు. తుపాను నీళ్లు బావుల్లో కలిసి ఊళ్లకి ఊళ్లు వాంతులతో పడ్డాయి. సెలైను పెట్టిన డాక్టరు, ఇది మాంసం వల్లో నీళ్ల వల్లో చెప్పలేనన్నాడు.

"ఆ ముసిలాయన తినుంటేనో?" అన్నాడు థామస్ నెమ్మదిగా.

జీవరత్నం గోడ వైపు తిరిగి పడుకుంది. తన ప్రాణం గురించి ఆమెకి అంత భయం కలగలేదు. బ్రూనో అడిగితే తలూపిన క్షణమే కళ్ల ముందు ఆడుతూ ఉంది.

తేరుకున్నాక, లెక్క తేల్చి పంపేస్తారనే అనుకుంటూ గెస్ట్‌హౌస్‌కి వెళ్లింది. రైళ్లు మళ్లీ తిరగడంతో బ్రూనో అప్పటికే వెళ్లిపోయాడు. జగన్నాధం ఆమెని చాలాసేపు నిలబెట్టాడు. ఇంకో వంటమనిషి దొరికేదాకా ఉండమన్నాడు. గున్నమ్మ వాసన చూడనిదే ఏదీ పొయ్యెక్కకూడదన్నాడు. ఇంకో మనిషి కోసం ఆయన ఎంత వెతికాడో గానీ ఎవరూ రాలేదు. కొన్నాళ్లకి ఆ మాటే ఎత్తడం మానేశాడు.

గున్నమ్మకి బేకన్ నేర్పడం పెద్ద పనైంది. కొత్త పొట్లం వచ్చినప్పుడు జీవరత్నం విప్పి ఆమె ముక్కు దగ్గర పెట్టింది.

"ఇది మంచి వాసన. గుర్తెట్టుకో."

"దీన్ని మంచి వాసనంటారేటప్పా?" అని గున్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది.

జీవరత్నం ఒక ముక్క కావాలనే బయట గిన్నెలో మూతపెట్టి వదిలేసి, అది చెడ్డాక మూత తీసి చూపించింది. గున్నమ్మ పెరట్లోకి పరుగెత్తి, తిరిగొచ్చి, "ఇప్పుడు తెలిసినాది," అంది. అప్పట్నుంచి ఆమె తప్పు చెప్పలేదు. ఆమె చుట్టాల పెళ్లికని భావనపాడు వెళ్లిన రోజుల్లో మాత్రం జీవరత్నం మాంసం జోలికి పోయేది కాదు. గుడ్లు కూడా ఒక్కొక్కటీ నీళ్లలో వేసి, మునిగినవే వండేది.

వాసన తిరిగి రాలేదు. ఇంకో నాలుగైదేళ్లు ఆమె ఆ వంటింట్లోనే పని చేసి, గరిటె గున్నమ్మకి అప్పజెప్పి మానేసింది. ఆ ఏళ్లన్నీ రాత్రి భోజనానికి పాస్తా పెట్టిన మర్నాడు, అతిథులు నడుచుకుంటూ టిఫినుకి వచ్చేదాకా ఆమెకి ముద్ద దిగేది కాదు.