నాలుగో తూటా

మొన్న బుధవారం పొద్దున మా బావ పోయినాడని కబురొచ్చింది. బావంటే నా భార్యకు అన్న. ఉరవకొండలో టీ అంగడి బల్ల మీద కూర్చుని ఆయన కోసిన కోతలు వినని మనిషి లేడు. చేతిలో టీ చల్లారిపోయేది, కథ తెగేది కాదు. "ఉన్నది ఉన్నట్టు చెప్తే ఎవడు కూర్చుంటాడప్పా?" అనేవాడు.

ఆ కోతల్లో పెద్దది నా గురించే. నాకు రాత సరిగా రాదు. అయినా ఇది నేనే రాయాలి.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు, మాటలు నడుస్తున్నాయి. కరువు ఏడాది. బావా నేనూ వాళ్ల చేనులో బావి తవ్వుతున్నాం. బండకు నాలుగు మందు తూటాలు పెట్టి, వత్తులు అంటించి పైకొచ్చాం. పేలినవి లెక్కపెట్టుకున్నాకే దిగాలి. అది పద్ధతి.

"మూడే పేలినాయి. దిగొద్దురా," అన్నాడు బావ.

"రెండు ఒకేసారి పేలినాయి. నీకేమన్నా చెముడా?" అని నేను దిగాను.

అడుగున నాలుగో వత్తి పొగ కక్కుతోంది. నా కాళ్లు కదల్లేదు. ఆయన దిగొచ్చి నన్ను భుజాన వేసుకుని మెట్లెక్కాడు. గట్టు మీద పడీపడకముందే బావి పేలింది. రాళ్లు ఆయన వీపు చీల్చాయి.

జనం చేరితే, "వీడే నన్ను మోసుకొచ్చినాడు," అన్నాడు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి నొక్కాడు. "లెక్క తెలీనోనికి మా నాయన పిల్లనియ్యడు. మూసుకో," అన్నాడు చెవిలో.

ఏటేటా ఆ కథ పెరిగింది. ఎగిరిన బండ లేపాక్షిలో పడిందన్నాడు. "బసవన్న ఉలిక్కిపడి పక్కకు జరిగినాడప్పా!" అందరూ నవ్వి, నాకు మర్యాదగా చోటిచ్చేవాళ్లు. నేను మీసం దువ్వుకుంటూ కూర్చునేవాణ్ణి. నా సంసారం ఆయనాడిన అబద్ధం మీద నిలబడింది.

పాడె కట్టినాక ఒకడు, "అన్నా, ఆయన్ను ఒకసారి మోసినోడివి. ముందర నువ్వే పట్టు," అన్నాడు.

పట్టుకుంటే సరిపోయేది. కాదనే మనిషి లేడు. గడప దగ్గర నా భార్య నిలబడి ఉంది.

"నేను మొయ్యలేదప్పా. ఆయనే నన్ను మోసినాడు. లెక్క తప్పింది నేను."

తప్పెట ఆగిపోయింది.

"పాపం, ముసలాయన దుఃఖంలో ఏమో మాట్లాడ్తాండాడు," అన్నారు గుంపులో ఎవరో.

"మతి ఉండే చెప్తాండా," అన్నాను.

నా భార్య ముందుకొచ్చింది. "అయితే ఇప్పుడన్నా మొయ్యి," అంది.

ఎత్తుకున్నాను. దారిలో భుజం మారుస్తామని వయసువాళ్లు వచ్చారు. ఇవ్వలేదు. మోసేవాడు వెనక్కి చూడకూడదంటారు. వీధి మలుపులో చూశాను. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఇంటి ముందరే నిలబడి ఉంది. అన్నను కాదు, నన్నే చూస్తోంది.