ఎండుచేపల వాసనేసిన చాక్ ముక్క

నిన్న మిడిల్ పాయింట్‌లో బజారు దాటుతుంటే ఎండుచేపల వాసన ముక్కుకి తగలగానే నాకు చాక్ ముక్క గుర్తొచ్చింది! ప్రోతరాపూర్ బడి నేస్తాలూ, మీకూ గుర్తుందా?

ఆ వానల్లో సైన్సు మాస్టారు క్రొమటోగ్రఫీ చూపిస్తానన్నారు. చాక్ ముక్క కింది అంచుకి కాస్త పైన నల్ల సిరా చుక్క పెట్టి కాసిని నీళ్లలో నిలబెడితే, నీళ్లు పైకి పాకుతూ సిరాలోని రంగుల్ని విడదీస్తాయట. మూడుసార్లు పెట్టారు. బడి చాకులన్నీ చెమ్మ తాగేసి ఉన్నాయి, చుక్క కదల్లేదు.

మర్నాడు నేనో ముక్క తెచ్చాను. మా అమ్మ పొయ్యి పైన ఎండుచేపలు దాచే తట్టలో ఆరబెట్టిన ముక్క అది.

"అరే, మచ్ఛీ కంపు!" అంటూ ముందు బెంచీ సరోజ ముక్కు మూసుకుంది. క్లాసంతా నవ్వింది.

"ఆగవే, ముందు చూడు" అన్నాను.

చుక్క కదిలింది. నలుపులోంచి ఊదా, నీలం, అన్నిటికన్నా పైన పసుపు! మాస్టారు ఆ ముక్కని వాసన చూసి, బడి చాకుల డబ్బా మొత్తం నా చేతిలో పెట్టారు.

"మీ అమ్మకియ్యమ్మా. ఇవి కూడా ఆ తట్టలోనే పెట్టమను."

ఆ వానాకాలమంతా మన నల్లబల్ల మీద ప్రతి అక్షరం మా ఇంటి వాసనే వేసింది. ఏం సరోజా, నువ్వూ ముక్కు మూసుకోకుండానే రాసుకున్నావు కదే!