మాన్పించు కాదు, మనాయించు

తొంభైల్లో నేను రాయ్‌పూర్‌లో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చదువుతుండగా, మా నాన్నకు ఊరికే తాగుబోతని పేరొచ్చింది. కారణం మా అమ్మ ప్రార్థన.

రైల్వేలో పనిచేసే నాన్న అదే ఊళ్లో టాటీబంధ్‌లో ఉండే బాబాయి మీద అలిగి మాటలు మానేశాడు. ఎందుకో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు, అలక మాత్రం దిట్టంగా ఉంది. ఆసుపత్రిలో ఎంత మొండి రోగినైనా బుజ్జగించే నర్సు మా అమ్మ. ఆమెకూ ఈయన కొరుకుడు పడలేదు. ఒక ఆదివారం తెలుగు చర్చిలో లేచి నిలబడి, "ప్రభువా, మా ఆయన్ని మనాయించు" అని వేడుకుంది.

హిందీలో 'మనానా' అంటే అలక తీర్చడం. అమ్మ దానికి తెలుగు తోక తగిలించింది. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు అది 'మాన్పించు' అని వినబడింది. ఆరాధన అయ్యాక నాన్న చుట్టూ చేరి, ఎన్నాళ్లనుంచి ఈ అలవాటు అని జాలిగా అడిగారు. టీ తప్ప ఏదీ ముట్టని మనిషి మండిపడ్డాడు. ఆ రోజునుంచి అమ్మ పైకి ప్రార్థన చేయడం మానేసింది. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత అమ్మను చూస్తే బాధేసింది.

అప్పుడే మా క్లాసులో బ్యాక్టీరియా ఇతర జీవులనుంచి జన్యువులు తెచ్చుకోవడం గురించి పాఠం నడుస్తోంది. పరాయి జన్యువు లోపలికొచ్చి ఇష్టమొచ్చినట్టు పనిచేస్తే కణానికే ముప్పు. అందుకని కొన్ని ప్రొటీన్లు దానిమీద కూర్చుని నోరు మూయిస్తాయి. పనికొచ్చేదైతే తరాలు గడిచేకొద్దీ అది కణం చెప్పుచేతల్లోకి వస్తుంది, అవసరమైనప్పుడే పనిచేస్తుంది. చివరికి ఇంటి మనిషైపోతుంది.

ఇంటికొచ్చి, చపాతీలు కాలుస్తున్న అమ్మకు ఇదంతా చెప్పాను. దబాయించు, బదలాయించు, చలాయించు కూడా హిందీనుంచి అలా వచ్చినవేనని, గుంటూరువాళ్లూ హాయిగా వాడతారని చెప్పాను. 'ఆయించు' తగిలాక ఏ మాటైనా మన మాట వినాల్సిందే.

అమ్మ చపాతీ తిప్పుతూ ఆలోచించింది. "అయితే నేను గలత్ ఏం అనలేదన్నమాట."

"లేదమ్మా. నీ మాట మీద ఊరికే ఒక ప్రొటీన్ కూర్చుంది."

"ముందు దాన్ని లేపు," అంది.

ఆ ఆదివారం మళ్లీ లేచి నిలబడింది. "ప్రభువా, ఈయన్ని మనాయించు. మాన్పించు కాదు, మనాయించు. నీకు హిందీ కూడా వచ్చు కదా."

చర్చంతా నవ్వింది. నాన్న తలెత్తలేదు. బయటికొచ్చాక సైకిలు తాళం తీస్తూ, భోజనానికి తనకోసం చూడొద్దని, తమ్ముడింట్లో తింటానని అమ్మతో అన్నాడు.