పచ్చరంగు కొనని చిత్రకారుడు రెమీ గారు

మంగళవారం ఉదయం ఆరింటికి మా ఇంట్లో కాఫీ తాగి, రంగుల పెట్టె భుజాన వేసుకుని వెళ్ళిన రెమీ గారు ఎనిమిదిన్నరకు లేరు. అల్లవరం దగ్గర చేను గట్టు మీద బొమ్మ వేస్తూ పడిపోయారు. చేను యజమాని సూర్రావు గారు ఫోన్ చేసి, "మాస్టారూ, మీ రెమీ గారు పోయేరండీ. డాక్టరు గారొచ్చి చూసేరు" అన్నారు. నేను, "బొమ్మ తడిగా ఉందా?" అని అడిగాను. ఎందుకలా అడిగానో ఇప్పటికీ తెలియదు. అవతల ఆయన వెళ్ళి చూసొచ్చి, "ఆయ్, తడిగానే ఉందండీ" అన్నారు.

ఫ్రాన్సులో ఒక నది ఒడ్డు పల్లెలో పుట్టిన రెమీ గారు గోదావరి పాయలు చూడాలని వచ్చి, అమలాపురంలో మా మేడమీద గదిని ఒక నెలకని తీసుకున్నారు. తర్వాత పదకొండేళ్ళు ప్రతి శీతాకాలమూ వచ్చారు, మా తెలుగూ నేర్చుకున్నారు. కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైన నాకు చిత్రకళ పుస్తకాల్లోనే తెలుసు. చిత్రకారుణ్ణి పనిలో చూడడం ఆయనతోనే మొదలు.

చిన్న చెక్క పలక. దానిలో సగానికి మించి ఆకాశం. మనుషులుండరు. పెట్టెలో ఆకుపచ్చ రంగు ఉండేది కాదు. పసుపు, నీలం, నలుపు కలిపి చేసుకునేవారు. కోనసీమకు వచ్చి పచ్చ లేకుండా ఎలాగని అడిగితే, "కొన్న పచ్చ అన్ని చెట్లకీ ఒకటే అండీ" అన్నారు. రోజుకు ఒక్క గంట వేసేవారు. ఎండ జరగగానే బ్రష్షులు తుడిచేసి, మర్నాడు అదే గంటకు మళ్ళీ అక్కడికే. మిగతాది ఇంట్లో పూర్తిచేయవచ్చు కదా అన్నాను. "ఇంట్లో వేస్తే నా తెలివి కనిపిస్తుంది, చేను కనిపించదు."

ఒకసారి రాజోలు వైపు కాలవ గట్టున పాచిపట్టిన మోటారు షెడ్డు గోడ బొమ్మను వారం రోజులు వేశారు. ఎనిమిదో రోజు మేమిద్దరం వెళ్ళేసరికి గోడకు కొత్త సున్నం, చుట్టూ పిచ్చిమొక్కలు కొట్టేసి ఉన్నాయి. షెడ్డు గలాయన ఎదురొచ్చి, "మీరు బొమ్మ వేత్తంటే అలా పాడుగా ఉంటే ఏం బాగుంటాదండీ? ఫ్రాన్సోళ్ళు చూసి మా ఊరినేమనుకుంటారు?" అన్నాడు. రెమీ గారు చేతులు జోడించారు. అతనిచ్చిన బొండం తాగి, పలక మీది వారం పనిని కత్తితో గీకేశారు. "గోడకి స్నానం చేయించారండీ నాకోసం. వేయకపోతే మర్యాద కాదు" అంటూ మళ్ళీ మొదలుపెట్టారు. నా దృష్టిలో ఆయన బొమ్మల్లో అదే గొప్పది. అందులో పొద్దుటి నీడపడ్డ సున్నం నీలంగా ఉంటుంది.

సూర్రావు గారి చేనుకు రెండువైపులా రొయ్యల చెరువులు. వాటి ఉప్పునీరు చేనులోకి ఊరడంతో పంట సగమైంది. ఈసారి కోత కాగానే తానూ చెరువు తవ్విద్దామని పొక్లెయిన్ మాట్లాడుకున్నారు. వరి మోళ్ళ మీద ఉదయపు ఎండ చూసిన రెమీ గారు నెలాఖరు దాకా ఆగమని అడిగారు. "బొమ్మ కోసమాండీ!" అని సూర్రావు గారు నవ్వి, సరేనన్నారు. బొమ్మ మొదలుపెట్టిన తొమ్మిదో రోజున ఇలా జరిగింది.

ఫ్రాన్సులోని ఆయన అక్కగారు ఫోనులో ఒప్పుకున్నాక, బుధవారం రెమీ గారిని అల్లవరంలో ఖననం చేశాం. ఒక క్రైస్తవ కుటుంబం తమవాళ్ళ సమాధుల పక్కన చోటిచ్చింది. అక్కడ సూర్రావు గారితో, "ఇక మీరు ఆగనక్కర్లేదు. తవ్వించుకోండి" అన్నాను.

"అదేంటండీ మాస్టారూ! నెలాఖరని మాటిచ్చేను కదండీ. ఆయన లేరని నెలాఖరు ముందుకొచ్చేత్తదా?"

"పొక్లెయిన్ వాడు వేరే ఊరు పోతానంటున్నాడట కదా?"

"పోతే పోనీండి."

ఆ పలక ఇప్పుడు నా బల్ల మీద ఆరుతోంది. ఎడమవైపు ఆకాశం, మోళ్ళు, గట్టు ఉన్నాయి. కుడివైపు ఉత్త చెక్క. దాన్ని పూర్తిచేయగలవారు ఎవరూ లేరు. ఈ ఉదయం ఏడింటికి నేను ఆ గట్టు మీదికి వెళ్ళి, ఆయన నిలబడిన చోట గంటసేపు నిలబడ్డాను. నాకు బొమ్మ వేయడం రాదు. నెలాఖరు దాకా ఆ చేను ఉంటుంది. రెమీ గారికి నివాళి అర్పించాలనుకునేవారు పూలు తేవద్దు. అక్కడ నిలబడి, ఆయన వేయకుండా మిగిలిన కుడివైపు చూడండి.