వాగు ఒడ్డున ఆపిన జీపు

ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభై ఆరు డిసెంబరు, మంగళవారం. మాది సూరత్‌లో మగ్గాల మీద బతికే కుటుంబం. మా మరిది నర్సయ్యకు కామెర్లు ముదిరితే, బార్డోలీ అవతల ఒక పల్లెలో పసరు మందిచ్చే వైద్యుడి ఇంట్లో ఉంచాం. భార్యను వెంటనే తీసుకురమ్మని కబురొచ్చింది. అతని భార్య లక్ష్మి ఊరి నుంచి వచ్చి నాలుగు నెలలే. హిందీ ఒక్క ముక్క రాదు. ఇద్దరం జీపు మాట్లాడుకుని బయలుదేరాం.

చెరకు తోటలు, మధ్యలో అలికిడి లేని చిన్న చిన్న పల్లెలు. చలిగాలికి లక్ష్మి కొంగు తలచుట్టూ బిగించుకుని కూర్చుంది. రెండు వాగులు ఆగకుండా దాటాం. మూడో వాగు దగ్గరికి వచ్చేసరికి మూడు గంటల ఐదు నిమిషాలు. ఊరి నుంచి తెచ్చుకున్న క్యాలెండరు ప్రకారం మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. ఆ వేళలో వాగు దాటకూడదన్నది మా ఇంటి పట్టింపు. కొత్త నూలు మగ్గానికి ఎక్కించాలన్నా గడియ చెప్పేది నేనే. నాలుగున్నర దాకా ఆపమని డ్రైవరుకు హిందీలో చెప్పాను. అతను నవ్వి, బీడీ ముట్టించుకుంటూ దిగాడు.

"ఏందక్కా, బండెందుకు ఆపిండు?"

"నీళ్లెక్కువున్నయట. జర తగ్గినంక పోదాం."

"గా బర్రెలు మోకాళ్లకాడికే మునిగినయ్ గదక్కా!"

"బర్రెలకు ఇంజనుంటదా? ఊకో. డ్రైవరుకంటె నీకెక్కువ తెల్సా?"

లక్ష్మి మళ్లీ కొంగు బిగించుకుంది. నిజం చెబితే దిగి, నడిచే దాటేసేది. అది తెలిసే అబద్ధమాడాను.

మేం చేరేసరికి ఐదు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ. నర్సయ్య నాలుగూ పదికి పోయాడు. చివరిదాకా దారివైపే చూశాడని, లక్ష్మి ఏదని రెండుసార్లు అడిగాడని వైద్యుడి భార్య చెప్పింది. వాగు నుంచి ఆ ఇంటికి ఇరవై ఐదు నిమిషాలు. ఆపకపోతే మూడున్నరకు చేరేవాళ్లం. నలభై నిమిషాలు వాళ్లిద్దరికీ మిగిలేవి.

చాలా ఏళ్లకు మా పురోహితుడు ఒక మాట అన్నాడు. ఆ క్యాలెండరు మన ఊరి పొద్దుకు వేసిందట. సూరత్‌లో పొద్దు దాదాపు అరగంట ఆలస్యం కాబట్టి రాహుకాలమూ ఆలస్యమేనట. అంటే నేను ఆపినప్పుడు అది ఇంకా రానేలేదు. దాటించినప్పుడు ఇంకా పోలేదు. లెక్క తప్పిందని సర్దిచెప్పుకోనా? లెక్క సరైనదే అయితే మాత్రం, చావుబతుకుల్లో ఉన్న మనిషికి, అతని భార్యకు మధ్య అడ్డం కూర్చునే హక్కు నాకెవరిచ్చారు? నేను నిజంగా రాహువుకే భయపడ్డానా, నా మాట నెగ్గాలన్న పంతమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ప్రతి ఏడూ నర్సయ్య తద్దినం నాడు లక్ష్మి వచ్చినవాళ్లతో, "వాగు అడ్డంబడ్డది, అక్క మాత్రం ఏం జేస్తది" అంటుంది. నా విస్తట్లో ఇంకాస్త వడ్డిస్తుంది. నేను తింటాను.

వాగు అడ్డంపడలేదు లక్ష్మీ. నేను పడ్డాను. నీ ముఖం చూస్తూ ఈ మాట అనే ధైర్యం ఇంకా రాలేదు. కాగితం మీదికి మాత్రం ఈరోజు వచ్చింది.